బడి కుళాయి నీళ్ళు

ఎడిటరు గారికి బడి వీధి చివరింటి నుంచి నమస్కరించి రాసుకునేది.

మా అమ్మాయి నీళ్ళ పరీక్షలు చేసేది. బడిలో పాత గొట్టాల్లో రాత్రంతా నిలిచిన నీళ్ళలోకి సీసం దిగుతోందని, అది పిల్లల బుర్రకి చేటని రెండేళ్ళు కూర్చుని తేల్చింది. గొట్టాలు మార్చేదాకా పొద్దున కుళాయి కాసేపు వదిలేసి పట్టుకోమంది. గొట్టాలు మార్చాలా వద్దా అని పై నెల నగరసభలో ఓటు. వాళ్ళు దాని రిపోర్టు చదవరు, మీ పత్రిక చదువుతారు. నేను చదివింది నాలుగో తరగతి. అర్థమైనంత రాశాను, అచ్చు వేయండి.

ఇట్లు,
ఆ పిల్ల తల్లి

తా.క.: అది పోయి నాలుగు నెలలు. కళ్ళజోడు ఇంకా రిపోర్టు మీదే ఉంది. తీయబుద్ధి కాలేదు.

*

అమ్మా, నమస్కారం.

మీ ఉత్తరం ఆదివారం ‘ఇంటి చిట్కాలు’లో వేశాం. కుళాయి కాసేపు వదలమన్న ముక్క అందరికీ నచ్చింది. చోటు చాలక మిగతాది తీసేశాం.

భవదీయుడు,
సంపాదకుడు

తా.క.: ఈ వారం ఉత్తమ చిట్కా మీదే. బహుమతిగా జల్లెడ పంపుతున్నాం.

*

బాబూ,

జల్లెడ అందింది. సీసం జల్లెడలో ఆగదు. మీరు తీసేసిన మిగతాదే మా అమ్మాయి చెప్పిన సంగతి. వీధిలో ఆడవాళ్ళు ‘అలా పడితే జుట్టు రాలదటగా వదినా’ అని అడుగుతున్నారు. ఓటుకి పది రోజులే ఉంది. మొదటి పేజీలో వేయండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
తల్లి

తా.క.: చిట్కా నాదని వేశారు. పరీక్ష చేసింది నా కూతురు.

*

అమ్మా,

పొరపాటు దిద్దుకున్నాం. మొదటి పేజీ చూడండి: ‘సీసం గుట్టు విప్పిన శాస్త్రవేత్త, శనివారం నగరసభకు స్వయంగా రాక’. అయితే ఒక ఇబ్బంది వచ్చింది. ఆమె పోయిన సంగతి మీరు తా.క.లో రాశారు. మావాళ్ళు తా.క.లు చదవరు. నగరసభ అధ్యక్షుడు ఆమెకి కుర్చీ కూడా వేయించాడట.

భవదీయుడు,
సంపాదకుడు

తా.క.: సవరణ సోమవారం గానీ రాదు. ఏం చేద్దామంటారు?

*

బాబూ,

ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. ‘శాస్త్రవేత్త గారేరీ?’ అన్నాడు అధ్యక్షుడు. ‘ఇక రాదు బాబూ, నేను తల్లిని’ అన్నాను. ‘అయితే లెక్కలు మీరు చెప్పండి’ అన్నాడు. నాకు లెక్కలు రావు. పొద్దున్నే బడి కుళాయి తిప్పగానే పట్టిన నీళ్ళు మాత్రం తీసుకెళ్ళాను. పదకొండు గ్లాసుల్లో పోసి సభ్యులందరి ముందూ పెట్టాను. ‘పిల్లలు తాగేవే, తాగండి’ అన్నాను.

ఒకాయన గ్లాసెత్తి, పక్కాయన మొహం చూసి దించేశాడు. ఒకావిడ ‘నేను ఆ చిట్కా చదివానండి’ అని గ్లాసు దూరంగా జరిపింది.

గొట్టాలు మార్చడానికి పదకొండు చేతులూ లేచాయి.

ఇట్లు,
తల్లి

తా.క.: చివర్లో తీర్మానం కాగితం మీద శాస్త్రవేత్త అన్నచోట సంతకం పెట్టమన్నారు. దాని పేరు రాసి, కింద ‘తరఫున, అమ్మ’ అని పెట్టాను.