మా అమ్మాయి పెద్దమ్మ గారికి

ఆదివారం, పదిహేడో తారీకు

బూట్ల మేస్త్రమ్మ గారికి,

మీ వర్క్‌షాపులో ప్లేస్‌మెంట్ చేస్తున్న పదకొండో తరగతి అమ్మాయి తల్లి నమస్కరించి రాయునది. మీరూ, మీ పనివాళ్ళూ క్షేమమని తలుస్తాను. మేమూ క్షేమమే అని రాయడం మర్యాద. కానీ ఆరు రోజులుగా మా ఇంట్లో కంచాలు సగం సగమే ఖాళీ అవుతున్నాయి. ఎందుకో మీకూ తెలుసు.

మనం కలిసింది ఒక్కసారే, ఒప్పంద కాగితం మీద సంతకాలు పెట్టిన రోజున. అప్పుడు నా గురించి చెప్పుకోలేదు. నేను టైలరుని. ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, నడుములు వదులు చేస్తాను. మా ముందు గదే నా షాపు. మా ఆయన లారీ ఎక్కితే పది రోజులకు గానీ ఇంటి ముఖం చూడడు. అందుకని ఇంట్లో ఎప్పుడూ నేనూ, పిల్లా, మిషనూ. ఆ మిషన్ ముందు కూచోవే అని దానికి ఏడేళ్ళప్పటి నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరాను. నడుం నొప్పి అనేది. దారం చూస్తే కళ్ళు లాగుతాయనేది. సరే, దీనికి కుట్టుపని రాసిపెట్టి లేదనుకుని ఊరుకున్నాను.

ఈ ఏడాది స్కూలువాళ్ళు, మధ్యాహ్నాలు క్లాసులు ఉండవు, ఎక్కడైనా నూట ఇరవై గంటలు పని నేర్చుకోవాలి, అది కూడా మార్కుల్లో కలుస్తుంది, దాన్నే ప్లేస్‌మెంట్ అంటారు అన్నారు. సొంత ఇంట్లో చెయ్యకూడదని రూలు. ఏ ఆసుపత్రికో లైబ్రరీకో వెళ్తుందనుకున్నాను. వెళ్ళి వెళ్ళి మీ దగ్గర కుట్టుమిషన్ ముందు కూచుంది!

మీది గొప్ప పనే, కాదనను. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకీ, పాదం వంకర ఉన్నవాళ్ళకీ కొలిచి బూట్లు చేస్తారు. కానీ రోజూ నాలుగు గంటలు వంగి తోలు కుడుతోందే, ఆ నడుం ఎవరిదండీ? నా దగ్గర నొప్పి పుట్టిన నడుమే కదా?

మొదటి వారం మీరు దానికి మేడమ్. రెండో వారం ఆంటీ. మూడో వారానికల్లా పెద్దమ్మ అయి కూచున్నారు. నాకు అక్కలెవరూ లేరు, దీనికి ఉన్నట్టుండి పెద్దమ్మ ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అనుకున్నాను. అన్నం ముందు కూచుంటే పెద్దమ్మ ఇలా అంది, పెద్దమ్మ అలా చేసింది. ఒకరోజు నేను కుట్టిన ప్యాంటు తిరగేసి చూసి, లోపలి కుట్టు ఇలా వదిలేస్తే మడమ ఒరుసుకుంటుందమ్మా అంది. ప్యాంటుకి మడమ ఎక్కడిదే అని కసిరాను. తర్వాత అది స్నానానికి వెళ్ళినప్పుడు ఆ కుట్టు విప్పి మళ్ళీ వేశాను. అది చెప్పిందే నిజం, అక్కడ దారం గరుకుగా ఉంది.

ఇంకోరోజు టిఫిన్ డబ్బా మర్చిపోయిందని మీ వర్క్‌షాపు దాకా వచ్చాను. కిటికీ అద్దంలోంచి చూశాను. తోలుకు రంధ్రాలు పెట్టే ఆరె దాని చేతిలో ఉంది, ఆ చేతి మీద మీ చెయ్యి ఉంది. ఇంట్లో నేను చెయ్యి పట్టుకుని నేర్పబోతే విదిలించుకునేది. మీ దగ్గర కదలకుండా, ఊపిరి బిగబట్టి చూస్తోంది. డబ్బా ఇవ్వకుండానే ఇంటికొచ్చి, ఆ అన్నం నేనే తినేశాను.

ఆ ఆరె ఒకసారి దాని వేలికి గుచ్చుకుంది. మీరు కడిగి మందు రాసి, మొదటి పోటు పడింది గనక ఇక మా పనివాళ్ళలో ఒకదానివయ్యావు అని అందరిచేతా చప్పట్లు కొట్టించారట. పతకం వచ్చినట్టు ఆ వేలు పైకెత్తి పట్టుకుని వచ్చింది. నా సూది గుచ్చుకుంటే మాత్రం వీధంతా వినపడేలా ఏడ్చేది.

ఇప్పుడు ఆ వేలే గొడవైంది. పోయిన సోమవారం స్కూలుకి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. మీరు పిల్లల చేత వేళ దాటాక కూడా పని చేయిస్తున్నారనీ, గాయమైతే దాచారనీ. విచారణ తేలేదాకా ప్లేస్‌మెంట్ ఆపేశారు. మర్నాడు ప్లేస్‌మెంట్ టీచరుగారు మా ముందు గదిలో కూచుని దాన్ని చదివి వినిపించి, మీకేమైనా తెలుసా అని అడిగారు. తెలీదన్నాను.

పిల్లకి ఇంకా ముప్ఫై రెండు గంటలు మిగిలాయి. నెలాఖరులోగా పూర్తి కాకపోతే ఆ మార్కులు పోతాయి. మీకైతే ఇకముందు పిల్లల్నే పంపరట. కానీ అది మార్కుల మాటే ఎత్తడం లేదు. బస్సు కండక్టరుగారికి ఎడమ బూటు కుట్టాను, కుడిది మొదలుపెట్టలేదు, ఆయన ఒక్క బూటుతో ఎలా నడుస్తాడని దాని బాధ. పక్కవీధి బూట్ల షాపువాడే ఉత్తరం రాశాడని వాణ్ణి తిట్టిపోస్తోంది. నేను అవునూ కాదూ అనకుండా కాజాలు కుట్టుకుంటున్నాను.

నాకు మీ మీద అసూయ అమ్మా. ఆ ఒక్క మాట రాయడానికి ఇంత కాగితం పట్టింది. దాన్ని కన్నది నేను, దాని చేతిలో పనితనం ఉందని కనిపెట్టింది మీరు. నాకది మింగుడుపడలేదు. విచారణ ముగిశాక దాన్ని వద్దనకండి. దయచేసి మళ్ళీ చేర్చుకోండి.

ఇట్లు,
మీ దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి తల్లి

తా.క.: ఆ ఆకాశరామన్నను నేనే. దస్తూరి తెలియకూడదని ఎడమ చేత్తో రాశాను. రేపు పొద్దున్నే స్కూలుకెళ్ళి, ఇది నా రాతే, ఇందులో ఉన్నవి అబద్ధాలు అని సంతకం పెట్టి వస్తాను. ఆ రోజు టీచరుగారి చేతిలో కాగితం చూశాను. నా అబద్ధాలన్నిటి కిందా ఎర్రగీతలున్నాయి. చివర్లో, ఆ పిల్ల తల్లి ఇంట్లో ఒంటరిదైపోయింది అని కూడా రాశాను. ఉన్న ఒక్క నిజం అదే. దాని కింద గీత లేదు. ఇది విచారణలోకి రాదండీ అన్నారాయన.

ఇందాకే పిల్లకి అంతా చెప్పాను. అయితే రేపట్నుంచి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళొచ్చా అని మాత్రం అడిగింది. వెళ్ళమన్నాను.