పాపను కట్టుకున్న సర్దారు

గోదావరిఖని,
ఫిబ్రవరి 9, ఆదివారం.

బావ సత్తిబాబు గారికి, లింగమూర్తి నమస్కారాలు.

మీరూ, నాగరత్నం చెల్లెమ్మా తునిలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ బిడ్డ సుప్రజ బాగుంది, మా జైపాల్ బాగున్నాడు, నా భార్య యమునకు మణికట్టు నొప్పి తప్ప నోటికి ఏ లోటూ లేదు. వాకిట్లో బొగ్గు దుమ్ము మా అందరికంటే బాగుంది. ఇక మన మనవరాలు దీప సంగతి ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతారేమో. నవ్వండి. ఫోనులో నేను "బావా" అనేలోపు చెల్లెమ్మ అందుకుంటుంది, తర్వాత నాకు వంతు రాదు. గనిలో సర్దారుగా చేసినన్నాళ్లూ షిఫ్టు దిగగానే రిపోర్టు రాసిన చెయ్యి నాది. రిపోర్టుకు ఎవరూ అడ్డం రారు, చివరిదాకా చదవాల్సిందే. ఇదీ అలాగే చదవండి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి, చిన్నది నా ఛాతీమీద నిద్రపోతుంటే రాస్తున్నాను.

మొన్న చెల్లెమ్మ ఫోనులో అన్నమాట మీరు పక్కనుండి విన్నారు. "మా పిల్లని కూలోళ్ల పిల్లలాగ గుడ్డలో కట్టేసి బజారంతా తిప్పుతున్నారంట కదండీ అన్నయ్యగారూ! శివరాత్రి వెళ్లగానే కారు మాట్లాడుకుని వచ్చి పిల్లని తీసుకెళ్లిపోతామండీ. సుప్రజ ఉద్యోగం సుప్రజ చేసుకుంటది" అంది. నేను "మీ ఇష్టం" అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను. తీసుకుపోండి. అమ్మమ్మా తాతల హక్కును కాదనడానికి నేనెవణ్ణి? కాకపోతే చార్జి అప్పగించేటప్పుడు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం సర్దారు పని.

ఆ గుడ్డ సంగతి మొదటినుంచీ చెప్తాను. దీప నెలలు నిండకముందే పుట్టిందని మీకు తెలుసు. దవాఖానలో నర్సమ్మ పిల్లను సుప్రజ ఛాతీమీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, అదే దానికి వెచ్చదనమూ మందూ అని చెప్పింది. అక్కడ బాగానే ఉంది. ఇంటికొచ్చాక ఉయ్యాలలో వేస్తే చాలు, గని సైరను దీని ముందు ఏపాటిది? యమున చేతినొప్పితో ఎత్తుకోలేదు. సుప్రజ అన్నం కలుపుకుంటే తినలేదు, తినబోతే పిల్ల ఏడుపు. ఒకరోజు సుప్రజ వంటింట్లో నిలబడి, సెలవు అయిపోగానే ల్యాబు ఉద్యోగం మానేస్తానని ఏడ్చింది. కష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం బావా!

ఆ తర్వాత ఎక్కడినుంచో పొడవాటి మెత్తటి నూలుగుడ్డ తెప్పించి, భుజాల మీదుగా తిప్పి, పిల్లను ఛాతీకి కట్టుకుంది. దాన్ని స్లింగు అంటారట. పిల్ల గప్‌చుప్! సుప్రజ రెండు చేతులా అన్నం తింది. నేను ఊరుకున్నానా? చెల్లెమ్మ ఇప్పుడన్న మాటే నేను అప్పుడే అన్నాను. "గిదేందమ్మా, మనం అడ్డా మీది కూలోళ్లమా, బిడ్డను గుడ్డల గట్టుకొని తిరగనీకి?" అన్నాను. "మామయ్యా, ఒక్కసారి మీరు కట్టుకుని చూడండి, తర్వాత ఎంత తిట్టినా పడతాను" అంది మీ బిడ్డ. సవాలు విసిరితే తీసుకోకుండా ఉండే రకం కాదు నేను. కట్టుకున్నాను.

ఎలా కట్టుకున్నానో వినండి. ఇన్నేళ్లూ నా ఒంటికి కట్టుకోవడం తెలిసింది ఒక్కటే, గనిలోకి దిగేముందు నడుముకు టోపీలైటు బ్యాటరీ బెల్టు. చెయ్యి తనంతట తనే గుడ్డను నడుముకు చుట్టి, బెల్టు బిగించినట్టు బిగించింది. పిల్ల నా బొడ్డు దగ్గరికి జారి, గడ్డం ఛాతీకి ఆనుకొని, మూట అయిపోయింది. సుప్రజ పరుగెత్తుకొచ్చి, "అయ్యో మామయ్యా, అది బ్యాటరీ కాదు!" అని పిల్లను తీసుకుంది. యమున నవ్వు ఎదురు క్వార్టరు మల్లక్క దాకా వినపడింది. నాకు నామోషీ వేసింది.

అయినా వదల్లేదు. టీకా వేయించడానికి పోయినప్పుడు నర్సమ్మను అడిగాను. ఆమె ఓపికగా చూపించింది. మనం తల వంచితే పిల్ల నెత్తిన ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. మొహం ఎప్పుడూ కనపడాలి, ముక్కుకు గుడ్డ అడ్డం రాకూడదు. గడ్డం కింద వేలు పట్టేంత సందు ఉండాలి. పిర్రలకంటే మోకాళ్లు పైకి, కప్ప కూర్చున్నట్టు. కాళ్లు వంకరపోవా అని చెల్లెమ్మ తరఫున నేనే అడిగాను. వేలాడదీస్తే మంచిది కాదు గానీ ఇలా కూర్చోబెడితే తుంటికి మంచిదే అంది. మరి ఎత్తుకోవడం అలవాటైతే దిగుతుందా అంటే, "ఎత్తుకుంటె ఖరాబైన పిల్లను నేనింతవరకు సూడలే కాకా" అంది. ఇంటికొచ్చి దిండు గలీబులో బియ్యం పోసి దాన్ని కట్టుకొని తిరిగాను. బియ్యం ఏడవకపోయేసరికి పిల్లను అడిగాను, ఇచ్చారు.

గనిలో సర్దారు ముందు లోపలికి పోయి, పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, బాగుంటేనే మనుషుల్ని పంపుతాడు. ఈ ఇంట్లోనూ అంతే. ఎవరు పిల్లను కట్టుకున్నా నాకు చూపించకుండా గడప దాటడానికి లేదు. మొన్న జైపాల్, ఓపెన్‌కాస్టు గనిలో అంత పెద్ద డంపర్ నడిపే మొనగాడు, పిల్లను కట్టుకొని దాని మొహం మీద గుడ్డ కప్పి బయల్దేరాడు. తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"ఆగు. పిల్ల ముక్కు కనవడ్తలేదు. గిట్లయితె నేను పంప" అన్నాను.

"దుమ్ము నాయినా" అన్నాడు.

"దుమ్మైతె ఇంట్లనే ఉండు. ముక్కు ముయ్యకు" అన్నాను.

హెల్మెట్ లేనివాణ్ణి గని మొఖంమీద నిలిపినట్టు నిలిపాను. మళ్లీ సరిగ్గా కట్టుకొచ్చి, "ఇగ పోవచ్చునా సర్దార్ సాబ్?" అని సెల్యూట్ కొట్టాడు వెధవ. వాడి అమ్మ పోలిక.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి గని వర్క్‌షాపులో పనిచేసి వెళ్లినవారు. ఉయ్యాలలో ఉన్నప్పుడు ఆ దెబ్బకు పిల్ల చేతులు బారజాపి ఉలిక్కిపడేది, తాగిన పాలు కక్కేది, పొద్దు గూకేదాకా ఊరుకునేది కాదు. ఒకనాడు నా ఛాతీమీద ఉండగా దెబ్బ పడింది. అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. నేనే ఉలిక్కిపడ్డాను. ఇదేమో ఒక కన్ను తెరిచి, నేనున్నానో లేనో చూసి, మూసుకుంది! నమ్ముతారా బావా, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తునిలో బ్లాస్టింగ్ లేదు నిజమే. కానీ మీ ఇల్లు రైలు కట్ట పక్కనే కదా, అది ఆలోచించుకోండి.

సెలవు అయిపోగానే సుప్రజ డ్యూటీకి పోయింది. ఆదివారం తప్ప రోజూ పిల్ల నా మీదే. పాలు పిండి పెట్టి పోతుంది, సాయంత్రం వస్తూనే చెప్పులు విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కొని పిల్లను కట్టుకుంటుంది. తల్లి వాసన తగలగానే అది పావురంలా కువకువలాడుతుంది. ఉద్యోగం మానేస్తానన్న మాట మళ్లీ రాలేదు. పిల్ల తూకం పెరిగింది, నర్సమ్మ శభాష్ అంది. ఎవర్నంది అని యమున అడుగుతుంది. నన్నే.

బజారంతా తిప్పుతున్నారన్న మాటా నిజమే. పొద్దున చౌరస్తా హోటల్ దాకా పోతాం. మొదటిరోజు మా సదానందం, నాతోపాటే రిటైరై దిగిపోయినవాడు, చాయ్ గ్లాసు పట్టుకొని, "ఏందే సర్దార్, దిగిపోయినంక గూడ సెల్ఫ్ రెస్క్యూయర్ కట్టుకొనే తిరుగుతున్నవ్!" అన్నాడు. గనిలో విషవాయువు వస్తే ప్రాణం కాపాడే ఆ డబ్బా మీరు వర్క్‌షాపులో చూసే ఉంటారు. హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు అదే సదానందం తన బిడ్డ కొడుకును కట్టుకొని వస్తున్నాడు, ముడి నా దగ్గరే నేర్చుకొని. చాయ్ హోటలువాడు మా ఇద్దరికీ ఫ్యాను కింది బల్ల వదిలేస్తున్నాడు.

ఇక అప్పగింతలు. చిన్నదానికి కూర్చుంటే నచ్చదు, నడవాలి. నిలబడితే కనిపెట్టేస్తుంది. జోలపాట అక్కర్లేదు, కప్పు తట్టి చూసినట్టు వీపు మీద ఒక్క వేలితో మెల్లగా తడితే చాలు. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి పలచటి గుడ్డే కట్టాలి, మెడ వెనక చెయ్యి పెట్టి చెమట పట్టిందా అని చూస్తుండాలి. చెల్లెమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, మీకు నడుం పట్టేసింది, మరి ఎవరు నడుస్తారో నాకు తెలియదు. నా దగ్గర తప్ప ఎవరి మీదా అది కుదురుగా నిద్రపోదు, అదీ మీకు ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. అయినా మీ ఇష్టం. బట్టలు సర్దిపెట్టమని యమునకు చెప్పేశాను. నాకేం ఫికరు లేదు.

పాప కదులుతోంది. లేచిందంటే రాయనివ్వదు. ఉంటాను.

ఇట్లు,
మీ బావ
లింగమూర్తి,
రిటైర్డ్ సర్దారు.

తా.క.

నాగరత్నం వదినా, ఇది ఆయన రాసింది కాదు, నేను యమునను. నాకు పుస్తకాల భాష రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. చెయ్యి నొస్తున్నది, అక్షరాలు నువ్వే కూడబలుక్కో.

కవరు అంటువెట్టుమని నా చేతుల వెట్టి, ఆయన చౌరస్త దిక్కు వోయిండు. నేను తీసి సదివిన. సదువుకుంట నవ్విన, ఆఖరికి ఏడుపొచ్చింది. రిపోర్టుల ఉన్నది ఉన్నట్టు రాస్తనన్నడు గని, అసలు ముచ్చటే రాయలే.

బట్టలు సర్దుమన్నడట! నేను సర్దవోతె సంచి గుంజుకొని బీరువ మీద దాసిపెట్టిండు. నీ ఫోనొచ్చిన కాడినుంచి ఆయన సక్కగ అన్నం తింటలేడు.

దిగిపోయినంక ఆయన ఎట్లుండెనో మీకెవలకు చెప్పలే వదినా. పొద్దుగాల లేచి, బూట్లేసుకొని, గేటు కాడ కూసునేటోడు. ఏడికి వోతున్నవయ్యా అంటె ఏడికి లేదనేటోడు. ఊకె చెయ్యి నడుం మీదికి వోయేది, ఆ బ్యాటరీ ఉన్నదా అన్నట్టు. మాట బందైంది. దవాఖానకు పోదాం పా నాయినా అని జైపాల్ బతిలాడితె గోడ దిక్కు తిరిగి పండేటోడు. నేనైతె ఈయన నాకు దక్కడనుకున్న. పిల్లను కట్టుకున్ననాటి నుంచి ఆ చెయ్యి నడుం మీదికి వోతలేదు. అది పిల్ల వీపు మీదనే ఉంటున్నది.

పిల్ల ఆయన మీదనే పంటదని రాసిండు గదా? ఉత్త ముచ్చట. గుడ్డ సక్కగ కడితె దీప నా మీద పంటది, జైపాల్ మీద పంటది, మల్లక్క కట్టుకున్నా పంటది. మీ కాడికొచ్చినా నాలుగొద్దులల్ల మీకు అలవాటైతది. బిడ్డతోని ఏం ఇబ్బంది లేదు, ఈయనతోనే.

ఇయ్యాల ఆదివారం వదినా. సుప్రజకు సెలవు. దీప పొద్దటి సంది తల్లి మీదనే ఉన్నది, నేను ఇది రాస్తుంటె గూడ వాకిట్ల తల్లి మీదనే నిద్రవోతున్నది. ఈయన ఉత్తరం మొత్తం ఉత్త గుడ్డ కట్టుకొని రాసిండు. ప్రతి ఆదివారం గంతే. ముడి సూసుకుంటడు, గుడ్డ సదురుకుంటడు, ఇంట్ల అటిటు నడుస్తడు. మేం సూసి సూడనట్టే ఉంటం.

గందుకే నీ కాళ్లు మొక్కి అడుగుతున్న, పిల్లను తీస్కపోకుండ్రి. మీరే రాండ్రి. శివరాత్రికి ఆ కారుల మీరిద్దరు ఎక్కి రాండ్రి, ఎండకాలం దాక ఉండుండ్రి. నువ్వు కాళ్లు సాపుకొని కూసో, నేను వండి పెడ్త. సత్తిబాబన్నకని సుప్రజ ఇంకో గుడ్డ తెప్పించింది, నీలి రంగుది, బీరువల ఉన్నది. అన్నకు సెకండ్ షిఫ్టు ఇప్పిస్త. ఫస్టు షిఫ్టు మాత్రం అడుగుమనకు, సర్దారు ఎవలకియ్యడు.

నేను రాసిన్నని ఆయనకు చెప్పకుండ్రి.