సగమే దిగుతున్న క్లచ్

మంగళవారం, నాచారం

సత్తెమ్మా, నా రాత వంకర, తప్పులూ ఉంటాయి, ఏమనుకోకు.

నీళ్ళ ట్యాంకర్ ట్రాక్టర్‌కు వారం నుంచి రెండో గేర్ పడటం లేదు, గరగరమంటోంది. ఈ రోజు ఉప్పల్‌లో మెకానిక్ యాదగిరికి చూపించాను. అతను ఎక్కి క్లచ్ తొక్కితే గేర్ మెత్తగా పడింది.

"బండి మంచిగనే ఉంది మామా. నీ ఎడమ కాలే క్లచ్‌ను సగం తొక్కుతున్నది."

ఓనర్‌కు చెప్పొద్దని బతిమాలాను. తెలిస్తే రేపే దింపేస్తాడు. బండి కూడా లేకపోతే పగలంతా నేను ఎవరితో ఉండాలి?

"చెప్పను తీ. క్లచ్ రాడ్ జర బిగిస్త, సగం తొక్కినా పడ్తది. గని మోకాలికి నూనె రాయనీకె ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"మా ఆమె ఉంది," అనేశాను. నువ్వు పోయిన సంగతి అతనికి తెలియదు.

నూనె వెచ్చబెట్టుకుని, దండేసిన నీ ఫోటో ముందు కూర్చున్నాను. జర తొందరగా పలుకు.