బొడ్డు లేని ఆదాము

ఫిబ్రవరి 2

గోడౌన్‌ని సృష్టి ప్రదర్శన కోసం మా చర్చి వాళ్లు ఆరు గదులు చేశారు. గదికో దినం. మొదటి గదిలో చీకటి, ఒకే ఒక బల్బు. ఆరో గది మాది: జంతువులు, ఆదాము, హవ్వ. మా ఆయన మోల్డులో ఫైబర్, ఘాటు రెజిన్ వేసి బొమ్మ తీస్తాడు. నేను పుట్టీ పెట్టి, ఎమరీ పేపర్‌తో రుద్ది, రంగు వేస్తాను. ఒంటి రంగు నాకు కుదిరినట్టు ఇంకెవరికీ కుదరదు. గొప్ప కాదు, నిజం.

ప్రపంచం వయసు ఆరువేల ఏళ్లు అని గుమ్మం మీద బోర్డు పెట్టారు. చిన్నప్పట్నుంచీ నేను నమ్మేదే. దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఏప్రిల్ 10 ఓపెనింగ్ అన్నదానితోనే. నాకిప్పుడు ఏడో నెల.

ఫిబ్రవరి 9

డాక్టరమ్మ నా చేతులు వాసన చూసింది. రెజిన్ పీల్చకూడదని, ఇంటిపట్టున ఉండమని చెప్పింది. బుద్ధిగా తలూపి అట్నుంచి అటే గోడౌన్‌కి వచ్చాను. రెండు మాస్కులు పెట్టుకుంటున్నాను. పాస్టర్ గారికి చెబితే, ఇది దేవుడి పని కదమ్మా, నిన్ను ఆయనే చూసుకుంటాడు అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అనిపించాలని గట్టిగా అనుకున్నాను.

ఫిబ్రవరి 20

ఇవాళ కొంప మునిగింది.

ఆదాముకి వాడింది పాత మోల్డు. ఎప్పుడో జిమ్ ముందు నిలబెట్టడానికి చేసిన కండల వీరుడిది. తల మార్చాం, జుట్టు పెంచాం, చేతిలో డంబెల్ పీకేశాం. బొడ్డు సంగతి ఎవరికీ తట్టలేదు. పాస్టర్ గారు టార్చి వేసి చూసి, ఇదేంటయ్యా అన్నారు. మా ఆయన, బొడ్డండీ అన్నాడు.

ఇక గంటసేపు క్లాసు. ఆదాముని దేవుడు మట్టితో చేశాడు, ఎవరూ కనలేదు. కన్నతల్లి లేనివాడికి పేగెక్కడిది, పేగు లేనివాడికి బొడ్డెక్కడిది? జరగనిదానికి గుర్తు పెడితే అది అబద్ధం, దేవుడు అబద్ధమాడడు. ఇద్దరికీ పూడ్చేయమన్నారు.

ఆయన అటు వెళ్లగానే మా ఆయన, నాకేదో బొడ్డు కోసి పేరు పెట్టినట్టు మాట్లాడతాడేంటి అని గొణిగాడు. తనేమన్నాడో తనకే వినపడింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నా కడుపులోంచి కూడా ఒక తన్ను.

ఫిబ్రవరి 21

హవ్వది పూడ్చాను. పది నిమిషాల పని. నడుం లాగేస్తోంది. ఆదాముది తర్వాత.

మార్చి 5

పాప పుట్టింది. నెలలు నిండలేదు. కేజీ నాలుగొందలు. ఏడ్చింది, విన్నాను.

మార్చి 6, ఉదయం 11

అద్దాల పెట్టెలో ఉంది. చేతులు పెట్టడానికి రెండు గుండ్రటి కంతలు. బొడ్డు మీద ప్లాస్టిక్ క్లిప్పు, బట్టలారేసే క్లిప్పులా. కాలికి చీటీ కట్టారు. దాని మీద పాప పేరు లేదు, ఫలానా ఆమె బిడ్డ అని నా పేరు రాశారు. పేరు ఇప్పుడే పెట్టేద్దాం అన్నాడు మా ఆయన. వద్దన్నాను. మా సంఘంలో పాస్టర్ గారు చేతుల్లోకి తీసుకుని పెడతారు. ఇంటికి తెచ్చాక పెట్టిద్దాం అన్నాను.

మార్చి 8

ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోలేదట. రెజిన్ వల్లా అని అడిగాను. డాక్టరమ్మ, చెప్పలేమమ్మా అంది. కాదు అనలేదు.

మార్చి 11, సాయంత్రం 4

ఏడో దినం. క్లిప్పుతో సహా బొడ్డు ఊడిపోయింది. నర్సు చెత్తబుట్టలో వేయబోతుంటే అడిగి తీసుకున్నాను. ఎండుద్రాక్షంత ఉంది. అగ్గిపెట్టె ఖాళీ చేసి అందులో పెట్టాను. అది ఊడినచోట పాపకి చిన్న బొడ్డు. బాగా కుదిరింది. ఇన్నేళ్లుగా బొమ్మలకి బొడ్లు పెడుతున్నాను, ఇంత చక్కగా ఒక్కటీ రాలేదు.

ఏడో దినం విశ్రాంతి కదా. పాప రంగు కూడా ఇవాళ తేటగా ఉంది.

మార్చి 13

పొద్దున ఆరూ పదికి.

మార్చి 16

పాస్టర్ గారు వచ్చారు. కాసేపు ప్రార్థన చేశారు. దేవుడు పాపని ఏ లోపమూ లేని కొత్త శరీరంతో లేపుతాడు, అక్కడ నువ్వు చూస్తావమ్మా అన్నారు. ఆ శరీరానికి బొడ్డుంటుందా అని అడిగాను. ఆయన మా ఆయన వైపు చూశారు. నాకు మతి పోలేదండీ, ఉంటుందో లేదో చెప్పండి, నా పిల్లని నేను గుర్తుపట్టాలి కదా అన్నాను. తెలీదమ్మా అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. కోపం కాస్త తగ్గింది. ఏడుపు తగ్గలేదు.

ఆయన వెళ్లాక గుర్తొచ్చింది. జరగనిదానికి గుర్తుంటే అబద్ధమట. జరిగినదానికి గుర్తు లేకుండా పోతే దాన్నేమంటారో అడగాల్సింది. పాలు ఇంకా పడుతున్నాయి. ఇవాళ జాకెట్టు రెండుసార్లు మార్చుకున్నాను.

మార్చి 17

ఆస్పత్రి కాగితంలో పేరు దగ్గర గీత గీశారు. బొడ్డు కోశారు, పేరు పెట్టలేదు. పెట్టేద్దాం అన్నవాడు మా ఆయన. వద్దన్నది నేను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 2

గోడౌన్‌కి వెళ్లాను. అన్నీ అయిపోయాయి, ఆదాము బొడ్డు తప్ప. మా ఆయనకి చేతులు రాలేదట. మూడుసార్లు పుట్టీ కలిపాడట, మూడుసార్లూ డబ్బాలోనే గట్టిపడిపోయిందట. నువ్వెళ్లి టీ తాగి రా, నేను చేస్తాను అన్నాను.

మాస్కు పెట్టుకోలేదు. ఇప్పుడెవరి కోసం?

బొడ్డుని డ్రిల్లుతో ఇంకాస్త లోతు చేశాను. అగ్గిపెట్టె తెరిచాను. అందులో ఉన్నది బొడ్డు లోపల పెట్టాను, కొంచెం దూదితో. పైన పుట్టీ. ఆరాక రుద్దాను. మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దడం. రంగు మూడు పూతలు. వేలు పెట్టి తడిమితే నాకే తెలీదు.

ఏప్రిల్ 10

ఓపెనింగ్. ఆరో గది నిండిపోయింది. పాస్టర్ గారు ఆదాము కడుపు మీద టార్చి వేసి, చూడండి, ఈయనకి తల్లి లేదు అన్నారు.

ఉంది. మూడో వరుసలో నిలబడి ఉంది.