ఆ ఆకులో రాజు లేడు

తంజావూరు,
14-10-1956

ప్రియమైన కోకిలా,

కార్డులో చోటు తక్కువ. క్షేమంగా చేరాను. కోట చూశాను, పెద్దగుడి చూశాను, రాజుల నాటి తాళపత్రాలు కళ్ళారా చూశాను. సాహిత్య సంఘం వాళ్ళతో కలిసి కూర్చునే భోంచేశాను. పుట్టింటికి పోయేముందు నువ్వు ఉతికి మడతపెట్టిన తెల్లచొక్కా వేసుకున్నాను. కడుపులో ఉన్న మనిషికి కూడా ఇవన్నీ చెప్పు.

నీ దామోదరం

తొండియార్‌పేట,
21-10-1956

కోకిలా,

కార్డులో రాసినవి సగం అబద్ధాలు. అసలు జరిగింది ఇది.

ఆ యాత్ర కరపత్రం మా ప్రెస్సులోనే అచ్చయింది. కంపోజు చేసింది నేనే. 'తెలుగు రాజులేలిన రాజధానికి సాహిత్య యాత్ర. అభిమానులందరూ రావచ్చు.' ఆ 'అందరూ' అన్న మాటను ఒక్కొక్క సీసపు అక్షరమూ ఏరి, ఈ వేళ్ళతోనే స్టిక్కులో పేర్చాను. ఏడేళ్ళుగా ఎవరెవరి మాటలో పేరుస్తున్నవాణ్ణి, ఆ ఒక్క మాటను నమ్మేశాను. పేరిచ్చాను. సంఘం కార్యదర్శి గోపాలస్వామి వెంటనే సరేనన్నాడు. ఎందుకన్నాడో ఎగ్మూరు స్టేషనులో తెలిసింది. పుస్తకాల పెట్టెలు, పులిహోర గంపలు నా ముందు దించాడు.

మోశాను. హార్బరులో మూటలు మోసిన ఇల్లే మాది, అందులో సిగ్గులేదు. భోజనాల దగ్గర నా ఆకు వాకిట్లో వేశారు. అదీ మింగాను. మదరాసు మనకు దక్కకపోయినా తంజావూరు సాహిత్యం మనదేనని దారి పొడుగునా ఉపన్యాసాలు. ఆ 'మన'లో తొండియార్‌పేట తెలుగువాళ్ళు ఉన్నారో లేరో ఎవరూ చెప్పలేదు.

గ్రంథాలయం దగ్గర నన్ను చెప్పులకు కాపలా పెట్టారు. ఉండబట్టలేక లోపలికి పోయాను. మా మార్గదర్శి కృష్ణస్వామిగారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, బల్ల మీద ఒక తాటాకు పెట్టుకుని రాజును పొగిడే పద్యం రాగం తీసి చదువుతున్నారు. వేలు ఆకు మీద నడుస్తోంది. జనమంతా ఆయన వెనక. నాకు బల్లకు ఎదురుపక్క చోటు దొరికింది, అంటే ఆకు నాకు తలకిందులుగా ఉంది. మా పనే అది కదా, స్టిక్కులో వరుసలు తలకిందులుగానే చదువుతాం. పాత రాత, కూడబలుక్కుని చదివాను. అందులో రాజు లేడు. పొత్తం రాయడం ముగించినవాడు చివరి ఆకులో చెప్పుకున్న మాటలున్నాయి. "నడుము వంగింది, చూపు చెడింది. తప్పులుంటే నన్ను తిట్టండి. దీన్ని మాత్రం తడవనీయకండి."

నోరు ఊరుకోలేదు. "సార్, ఆ ఆకులో రాజు లేడు. రాసినోడు ఉండాడు," అన్నాను.

కృష్ణస్వామిగారు ఆకు వైపు చూడనైనా చూడలేదు. నా చొక్కా మీద పులిహోర మరక చూశారు. "తలకిందులుగా నిలబడి చదివేశాడట. అవధానం పెట్టిద్దామా?" అన్నారు. అందరూ నవ్వారు. గోపాలస్వామి నా రెక్క పట్టుకుని, "నిన్ను చెప్పులకాడ ఉండమంటిని గదరా, ఈడ నీకేం పని?" అని గుమ్మం దాటించాడు. తక్కిన రెండు రోజులూ చెప్పుల దగ్గరే ఉన్నాను. ఎవరి జోడు ఎవరిదో ఇప్పటికీ చెప్పగలను.

కోకిలా, ఇది ఊరికే రాయడం లేదు. పుట్టేది కొడుకైనా కూతురైనా అక్షరం నేర్పొద్దు. చదువు రానివాడు మూట మోస్తే వీపే నొస్తుంది. చదివినవాడు మోస్తే ఎక్కడ నొస్తుందో చెప్పడానికి కూడా ఉండదు.

దామోదరం

తొండియార్‌పేట,
18-11-1956

కోకిలా,

పని పోయింది. ముందే చెబుతున్నాను, చివరిదాకా వెతుక్కోకు.

యాత్ర మీద కృష్ణస్వామిగారి వ్యాసం మా ప్రెస్సుకే వచ్చింది, నా అక్షరాల కేసు దగ్గరికే వచ్చింది. ఆ ఆకులో రాజస్తుతి స్వయంగా చదివానని రాసుకున్నారు. కంపోజిటరు సొంత మాట చేర్చకూడదన్నది మా పనిలో మొదటి పాఠం, ఏడేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆయన రాసింది రాసినట్టే పేర్చాను. కింద ఖాళీ మిగిలింది. అక్కడ నడుము వంగినవాడి మాటలు పేర్చాను. నావి కావు కదా అనుకున్నాను.

ఓనరు జయరామ్ ప్రూఫులో పట్టేశాడు. అరవలేదు. "ఎవురు చేర్చమన్నారు?" అని అడిగాడు.

"రాసినోడే," అన్నాను.

"నీ చేత్తోనే విప్పి పో," అన్నాడు.

విప్పాను. ఏ గడి అక్షరం ఆ గడిలో వేశాను. మూడు వందల ఏళ్ళు నిలిచిన మాటలు నా చేతుల్లో పావుగంటలో సీసమైపోయాయి. చేతులు కడుక్కుని వస్తుంటే మెషిను తిప్పే మారిముత్తు నా టిఫిన్ డబ్బాలో ఒక కాగితం మడిచి పెట్టాడు. విప్పకముందే తీసిన ప్రూఫు. అతనికి తెలుగు రాదు. ఏం రాసుందో తెలియదుగానీ పని శుభ్రంగా ఉందని అరవంలో అన్నాడు.

సోమవారం నుంచి హార్బరు. మూటలే.

కిందటి ఉత్తరంలో అక్షరం వద్దని రాశాను. ఆ వాక్యం కొట్టెయ్యి. కానీ నువ్వే నేర్పు. నేను నేర్పితే తలకిందులే వస్తాయి.

ప్రూఫు ఇందులోనే పెడుతున్నాను. వానలు పడుతున్నాయి, తడవనీయకు.

దామోదరం