పదకొండో రోజుకి చోటు

నవంబర్ 3, సోమవారం
ఫరీదాబాద్ ఎస్టేట్‌కి మళ్లీ వెళ్లొచ్చాను. నవాబుల బంగళా, తోట, పక్కన డెబ్బైల్లో కట్టిన కాంక్రీట్ హాలు. బంగళా ఫొటోలు తీసుకునేవాళ్లు హాలు వంక తలైనా తిప్పరు. నాకు అదే ఇష్టం. నెలాఖరులోగా దానికో కొత్త వాడకం చూపించకపోతే కూల్చేస్తామని ఎస్టేట్ ట్రస్టువాళ్లు మా బాస్ చాందిని మేడమ్‌కి చెప్పారట. పాత కట్టడాల్ని కాపాడే కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్‌నై ఉండి కూల్చివేత రిపోర్టు రాయాలా?

నవంబర్ 7
పెళ్లిళ్ల కంపెనీ ఒకటి ఆసక్తి చూపింది. పదహారు సాయంత్రం ఓనరు చూడ్డానికొస్తాడు. హాలు బతికినట్టే.

నవంబర్ 12
పక్క ఫ్లాట్ సదాశివరావు గారు పోయి వారం కావస్తోంది. పదకొండో రోజు భోజనాలకి మా సొసైటీ క్లబ్‌హౌస్ ఇవ్వలేమన్నారు. అది శుభకార్యాలకేనట. వాళ్లావిడ లక్ష్మీకుమారి ఆంటీ నన్ను పట్టుకుని, "ఆయన పేరు చెప్పి నలుగురికి అన్నం పెట్టడానికి ఇంత ఊళ్లో చోటే లేదామ్మా?" అంది.

నా నోరు ఊరుకోదుగా. మా హాలుందన్నాను. తాళం నా దగ్గరే ఉంది. ఎవర్నీ అడగలేదు. పదకొండో రోజూ పదహారే, మధ్యాహ్నానికి అయిపోతుందిలే అనుకున్నాను.

నవంబర్ 16
అవలేదు. పంతులుగారికి అంతకుముందే ఊరికి ఆ చివర ద్వారకలో ఇంకో కార్యక్రమం. ఆయనొచ్చేదాకా ఇక్కడ ఎవరూ అన్నం ముట్టరు. విస్తళ్లు వేసేసరికి నాలుగైంది. పెళ్లిళ్ల ఓనరు చెప్పినదానికన్నా ముందే వచ్చాడు. దండ వేసిన ఫొటో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇక్కడ ఇక పెళ్లి ఎవరు చేసుకుంటారని హిందీలో అడిగాడు. ఆంటీ విన్నది. అయినా భోజనం చేసి వెళ్లమని అతన్నీ పిలిచింది. అతను చెప్పులైనా విప్పకుండా వెళ్లిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నవంబర్ 17
హాలు నేనే కూల్చానంది మేడమ్.

నవంబర్ 21
ఆ రోజు భోజనానికొచ్చిన గోపీకృష్ణ గారు ఫోన్ చేశారు. నోయిడాలో ఆయన తమ్ముడు పోయాడట. ఆ హాలిస్తారా అని. సాయంత్రానికి ఆయన పక్కింటి పంజాబీవాళ్లు, ఇంకెవరో బెంగాలీ ఆవిడ కూడా అడిగారు. ఇన్ని టవర్లు గీశాం, జిమ్ గీశాం, పూల్ గీశాం. ఇలాంటి భోజనాలకి ఏ ఆర్కిటెక్టూ ఒక గది గీయలేదు, నేనూ గీయలేదు.

ట్రస్టుకి అదే రాసి పంపాను. మేడమ్ నవ్వింది.

నవంబర్ 28
ఒప్పుకున్నారు! ట్రస్టులో ఒకాయన తల్లి కార్యక్రమం బేస్‌మెంట్ పార్కింగ్‌లో, కార్ల మధ్య చేశాడట. ఆయనే పట్టుబట్టాడట. బుకింగులు నన్నే చూడమన్నారు.

జనవరి 9
ఈ నెల ఆదివారాలన్నీ నిండాయి. ఇరవై ఐదు ఒక్కటే ఖాళీ. ఇంకా టైముంది, ఎవరో ఒకరు వస్తారులే అనుకున్నాను.

అనుకున్నాక భయమేసింది. ఆ రోజు భోజనాలు ఎవరి పేరునో, ఆ మనిషి ఇవాళ్టికింకా బతికే ఉన్నాడు.