వెబ్‌సైటుకు తండ్రి పేరు కావాలట

వివాహ నమోదు కార్యాలయం రిజిస్ట్రారు గారి సముఖమునకు, అదే ఆఫీసు సర్వర్ గది టెక్నీషియన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సోమవారం నుండి మన వెబ్‌సైటును మన డేటాబేసే లోపలికి రానివ్వకపోవుట, అందువలన గురువారం జరగవలసిన పెళ్ళిళ్ళు, ముఖ్యముగా నాది, గాలిలో వ్రేలాడుట గురించి.

1. సోమవారం ఆఫీసు తెరవగానే తెర మీద "యాక్సెస్ డినైడ్" అని వచ్చినది. అనగా పెళ్ళి వివరములన్నీ డేటాబేసులో క్షేమముగానే ఉన్నవి గాని, వాటిని అడగబోయిన వెబ్‌సైటును "నువ్వెవరు, ఫో" అని గడప దగ్గరే ఆపివేయుచున్నది. పాస్‌వర్డు చూచితిని, సరిగానే ఉన్నది. కేబులు పీకి మరల పెట్టితిని. సర్వరు ఆపి మరల వేసితిని. డిస్కు నిండినదేమోనని చూస్తే సగం ఖాళీ. అందరూ మొదట చేయు పని నేను చివర చేసితిని, అనగా సర్వరు తన సంగతులన్నీ వ్రాసిపెట్టుకొను లాగ్ చదివితిని.

2. తేలినదేమనగా, మన వెబ్‌సైటు ఇన్నేళ్ళుగా తన పేరుతో కాక, తనను తయారుచేసిన మన సీనియర్ టెక్నీషియన్, అందరూ కేబుల్ మాస్టారనే ఆయన పేరుతో లోపలికి పోవుచున్నది. పోయిన శుక్రవారం మాస్టారు రిటైరైనారు. ఆయనకు పూలగుత్తి ఇచ్చి పంపిన వెంటనే భద్రతా విభాగము వారు నియమము ప్రకారము ఆయన ఖాతా మూసివేసిరి. ఆయన ఇంటికి పోయినారు, వెబ్‌సైటు వీధిన పడినది.

3. వెబ్‌సైటుకు వేరే ఖాతా ఇమ్మని ఆ విభాగమునకు పోతిని.

"ఖాతా ఉద్యోగులకే ఇస్తాం. వెబ్‌సైటు ఉద్యోగియా?" అన్నారు అక్కడి మేడమ్ గారు.

"కాదండీ. కానీ మనందరికంటే ఎక్కువ పని చేస్తుంది."

"అయితే ఫారం నింపండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఫొటో. కింద రిజిస్ట్రారు గారి సంతకం."

వేళాకోళమేమోనని ఆమె ముఖం చూశాను సార్. కాదు.

4. గురువారం మొదటి స్లాటు నాదే. పెళ్ళికూతురు ఓడలో మెకానిక్. శుక్రవారం ఓడ కదిలితే తను తిరిగి వచ్చేది ఆరు నెలలకు. కాగితం మీద నమోదు ఎప్పుడో ఎత్తేసినారు, కనుక వెబ్‌సైటు తెరుచుకోనిదే పెళ్ళి లేదు. "సముద్రం మధ్యలో ఇంజను ఆగితే నేను బాగుచేస్తాను, గదిలో ఉన్న సర్వరు నీ వల్ల కాదా?" అని ఫోనులో అడిగినది. ఆమె తిట్టినా నాకు హాయిగానే ఉన్నది. ఈ ఉదయం కాఫీలో ఉప్పు వేసుకొని, బాగుందని రెండో కప్పు అడిగితిని. నా పరిస్థితి తమరు గ్రహించగలరు.

5. ఇక అసలు సంగతి. కేబుల్ మాస్టారే నాకు కాబోయే మామగారు. "నన్ను గురువారం ఒక్కరోజు పనిలోకి పిలిస్తే నా ఖాతా తెరుస్తారు కదా అల్లుడూ" అన్నారు. అత్యవసరమైతే అట్లు పిలువవచ్చునని నియమము కూడా ఉన్నది. ఎగిరి గంతు వేసితిని. పేజీ తిప్పితిని. ఆ రోజు డ్యూటీలో ఉన్నవారు ఈ ఆఫీసులో జరిగే పెళ్ళికి సాక్షి సంతకం చేయరాదట. కూతురి పెళ్ళికి సాక్షి ఆయనే. చదివి వినిపిస్తే చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సంతకం కోసం కొత్త పెన్ను కొన్నానయ్యా" అన్నారు.

కావున తమరు దయతలచి, జతచేసిన ఫారంపై సంతకము చేసి, వెబ్‌సైటుకు దాని సొంత ఖాతా ఇప్పించి, ఆయనను కూతురి పక్కన నిలబడనివ్వవలెను. మనిషి ఫొటో బదులు సర్వరు ఫొటో, దుమ్ము తుడిచి తీసినది, అంటించితిని. తండ్రి పేరు గడి మాత్రం ఏమి వ్రాయాలో తోచక వదిలివేసితిని. ఇదంతా ఓపికగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గురువారం దాకా మాత్రమే బ్రహ్మచారి,
సర్వర్ గది టెక్నీషియన్

తా.క.: ఇంతలో మామగారు వచ్చి, ఆ ఖాళీ గడిలో కొత్త పెన్నుతో తన పేరు రాసేశారు సార్. "ఇన్నాళ్ళూ నా పేరు చెప్పుకుని బతికింది. ఇక దాని కాళ్ళ మీద అది నిలబడాలి" అన్నారు. మరి మీ అమ్మాయో, అని అడిగాను. "అది ఎప్పుడో నిలబడింది. నిలబడాల్సింది నువ్వే."

అందుకే సార్, తమ గది బయటే నిలబడ్డాను. సంతకం అయ్యేదాకా కదలను.